ఒక ఎక్సోప్లానెట్ ఫైల్ విప్పి చూస్తే: టెస్ డేటాలో ఏ పొరలో ఏముంటుంది?

నా ల్యాప్‌టాప్‌లో ఒక ఫైల్ ఉంది, దాని పేరు చూస్తే నాలుగు ఫోన్ నంబర్లు వరసగా అతికించినట్టు ఉంటుంది. మొదట టెస్ (వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల్ని, అంటే ఎక్సోప్లానెట్లని, వెతికే నాసా అంతరిక్ష టెలిస్కోప్) అని, వెంటనే 2018206045859, తర్వాత ఎస్0001, తర్వాత బోలెడు సున్నాలతో 0000000261136679, ఇంకా 0120, చివర్లో మళ్లీ ఒక ఎస్, ఎల్సీ. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇప్పుడు ఆ పేరు చదివితేనే సగం కథ తెలిసిపోతుంది: 2018లో 206వ రోజు, అంటే జులై 25, తెల్లవారుజామున 4 గంటల 58 నిమిషాల 59 సెకన్లకి (యూనివర్సల్ టైమ్‌లో) అని టైమ్ ముద్ర పడిన సెక్టార్ 1, అందులో కేటలాగ్ నంబర్ 261136679 ఉన్న నక్షత్రం, దాని లైట్ కర్వ్, అంటే కాలంతో పాటు వెలుగు ఎలా మారిందో చూపే గ్రాఫ్. చివర ఉన్న చిన్న ఎస్ కూడా ఊరికే పెట్టింది కాదు, కాస్మిక్ కిరణాల దెబ్బల్ని అంతరిక్ష నౌకలోనే తీసేశారని దానర్థం.

ఆ నక్షత్రం పేరు పై మెన్సే. మనకి 60 లైట్ ఇయర్ల దూరంలో ఉంది, చీకటి ఆకాశంలో మామూలు కంటికే కనిపించేంత వెలుగుంది, కానీ ఆకాశం దక్షిణ ధృవానికి మరీ దగ్గర కాబట్టి విజయవాడ నుంచి గానీ హైదరాబాద్ నుంచి గానీ ఎప్పటికీ కనపడదు. టెస్ కనిపెట్టినట్టు 2018 సెప్టెంబర్‌లో మొట్టమొదట ప్రకటించిన గ్రహం దీని చుట్టూ తిరిగేదే, పై మెన్సే సి. పేపర్లో "కొత్త గ్రహం దొరికింది" అని వార్త వచ్చినప్పుడు పక్కన నీలం రంగులో మెరిసిపోయే గోళం బొమ్మ వేస్తారు కదా, ఆ బొమ్మ ఆర్టిస్ట్ గీసింది. టెలిస్కోప్ చూసింది మాత్రం ఇదిగో ఈ ఫైల్లోని నంబర్లనే, అవీ నేరుగా కాదు, పొర మీద పొరగా లెక్కలు వేసి తీసిన నంబర్లని. ఆ పొరలు ఏంటి, ఒక్కో పొరలో మనకి ఏం దొరుకుతుంది ఏం పోతుంది అన్నదే ఈ వ్యాసం. నేను గట్టిగా నమ్మేది ఒకటుంది, ముందే చెప్పేస్తా: ఎంత శుభ్రంగా కనిపించే గ్రాఫ్ అయినా సరే, దాని కింద ఉన్న పిక్సెల్ దాకా దిగి చూడకుండా గ్రహం అనకూడదు.

ముందు అసలు కొలిచేది ఎంత చిన్నదో చూద్దాం. గ్రహం తన నక్షత్రం ముందు నుంచి దాటితే వెలుగు కాస్త తగ్గుతుంది, దాన్ని ట్రాన్సిట్ అంటారు, ఎంత తగ్గుతుందనేది గ్రహం సైజుని నక్షత్రం సైజుతో భాగించి వర్గం చేస్తే వస్తుంది. నక్షత్రం వెలుగు మొత్తం లక్ష రూపాయలు అనుకోండి. సూర్యుడి ముందు నుంచి గురుడు దాటితే వెయ్యి రూపాయలు తగ్గుతాయి. పై మెన్సే సి దాటితే తగ్గేది సుమారు 30 రూపాయలు. మన భూమి సూర్యుడి ముందు నుంచి దాటితే ఎనిమిది రూపాయల చిల్లర. లక్షలో ఎనిమిది రూపాయలు తగ్గాయని పట్టుకోవాలంటే మిగతా లెక్కంతా ఎంత కచ్చితంగా ఉండాలో ఆలోచించండి, గల్లాపెట్టెలో పది రూపాయలు అటూ ఇటూ అయినా గ్రహం మాయమైపోతుంది, లేదా లేని గ్రహం పుట్టుకొస్తుంది.

టెస్‌ని 2018 ఏప్రిల్ 18న ఫాల్కన్ 9 రాకెట్ మీద పంపారు. దాంట్లో నాలుగు కెమెరాలు, ఒక్కోదాని లెన్స్ ద్వారం వెడల్పు పదిన్నర సెంటీమీటర్లే. కానీ చూసే మేర చాలా పెద్దది, ఒక్కో కెమెరా ఆకాశంలో 24 డిగ్రీలకి 24 డిగ్రీలు చూస్తుంది, అంటే మనం చెయ్యి చాపి జాన పడితే ఎంత వస్తుందో దాదాపు అంత పలక. నాలుగూ ఒకదాని మీద ఒకటి నిలబెట్టినట్టు కలిపితే 24 కి 96 డిగ్రీల పొడవాటి పట్టీ. ఆ పట్టీనే సెక్టార్ అంటారు, ఒక్కో సెక్టార్‌ని సుమారు 27 రోజులు చూసి తర్వాతి దానికి తిరుగుతుంది. టెస్ భూమి చుట్టూ ఒకసారి తిరగడానికి 13.7 రోజులు పడుతుంది, చంద్రుడు ఒక చుట్టు తిరిగేలోపు ఇది రెండు చుట్లు తిరుగుతుంది, కాబట్టి ఒక సెక్టార్ అంటే రెండు చుట్లు. ప్రతి చుట్టులో భూమికి దగ్గరగా వచ్చినప్పుడు డేటా కిందికి పంపుతుంది, ఆ టైంలో ఫొటోలు ఆగిపోతాయి, అందుకే ఏ టెస్ గ్రాఫ్ చూసినా మధ్యలో దాదాపు ఒక రోజు ఖాళీ కనిపిస్తుంది. ఈ 13.7 అనే నంబర్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

కెమెరాలు ప్రతి 2 సెకన్లకి ఒక ఎక్స్‌పోజర్ తీస్తాయి. అవన్నీ కిందికి పంపడం కుదరదు, అంత బ్యాండ్‌విడ్త్ లేదు. అందుకని పైనే కలిపేస్తారు. ముందే ఎంచుకున్న నక్షత్రాలు కొన్ని వేలు ఉంటాయి (మొదటి ఏళ్లలో సెక్టార్‌కి సుమారు 20 వేల దాకా), వాటి చుట్టూ చిన్న చిన్న ముక్కలు కత్తిరించి 2 నిమిషాలకొకటి చొప్పున దాస్తారు. మిగతా ఆకాశమంతా పూర్తి ఫ్రేమ్‌గా, ఎఫ్‌ఎఫ్‌ఐ అంటారు, కాస్త నిదానంగా దాస్తారు: మొదటి రెండేళ్లు 30 నిమిషాలకొకటి, 2020 నుంచి 10 నిమిషాలకొకటి, 2022 నుంచి 200 సెకన్లకొకటి. 2020 తర్వాత కొన్ని నక్షత్రాలకి 20 సెకన్ల డేటా కూడా ఇస్తున్నారు.

ఇలా కలిపేటప్పుడే మొదటి నిర్ణయం జరిగిపోతుంది, చాలామంది పట్టించుకోరు దీన్ని. కాస్మిక్ కిరణం వచ్చి పిక్సెల్‌కి తగిలితే అక్కడ ఉత్తుత్తి వెలుగు వస్తుంది కదా, అందుకని ప్రతి పది ఎక్స్‌పోజర్లలో ఒక్కో పిక్సెల్‌కి అన్నిటికంటే ఎక్కువ వచ్చినది ఒకటి, తక్కువ వచ్చినది ఒకటి పారేసి మిగతా ఎనిమిది కలుపుతారు. ఫైల్ పేరు చివర ఎస్ అని చెప్పా కదా, అది ఇదే. మంచి పద్ధతే, కానీ ఆ పారేసినవి ఇక ఎవరికీ ఎప్పటికీ దొరకవు, భూమికి రానే రాలేదు. "రా డేటా" అనే మాట విన్నప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది, మన చేతికి వచ్చే అత్యంత పచ్చి డేటాకి కూడా ఒకసారి చాటలో చెరగడం అయిపోయింది.

ఇక్కణ్ణుంచి కాలిఫోర్నియాలో నాసా ఏమ్స్ సెంటర్‌లో ఉన్న స్పాక్ అనే పైప్‌లైన్, అంటే ఒకదాని తర్వాత ఒకటి నడిచే ప్రోగ్రామ్‌ల వరస, పని మొదలెడుతుంది, తయారైనవన్నీ బాల్టిమోర్‌లోని మాస్ట్ అనే ఆర్కైవ్‌లో పెడతారు. ఎవరికీ ముందు హక్కు లేదు, ఫీజు లేదు. హార్వర్డ్ ప్రొఫెసర్‌కి ఏ ఫైల్ వస్తుందో గుంటూరులో డిగ్రీ చదివే అమ్మాయికీ అదే ఫైల్ వస్తుంది. ఫార్మాట్ పేరు ఫిట్స్, 1981 నుంచి ఖగోళ శాస్త్రంలో వాడుతున్నదే, పైన హెడర్‌లో నక్షత్రం వివరాలు, కింద టేబుళ్లు. పైథాన్‌లో లైట్‌కర్వ్ అనే ప్యాకేజ్ ఉంది, నాలుగైదు లైన్లతో గ్రాఫ్ గీసేయొచ్చు. అంత తేలిక కాబట్టే ఏ కాలమ్ దేనికో తెలియకుండా గీసేయడం కూడా తేలికైపోయింది.

పొరల్లో అడుగున ఉండేది టార్గెట్ పిక్సెల్ ఫైల్, టీపీఎఫ్. మామూలుగా 11 అడ్డం 11 నిలువు పిక్సెళ్ల చిన్న బొమ్మ, సినిమా రీల్లా 2 నిమిషాలకి ఒక ఫ్రేమ్, ఒక సెక్టార్‌కి దగ్గర దగ్గర 20 వేల ఫ్రేములు. బొమ్మ అంటే నక్షత్రం మెరుస్తూ కనిపిస్తుందనుకోకండి, గళ్ల నోట్‌బుక్కులో కొన్ని గళ్లు పసుపు, కొన్ని ఆకుపచ్చ, మిగతావి ముదురు నీలం, అంతే. టెస్ పిక్సెల్ చాలా లావు, ఆకాశంలో 21 ఆర్క్‌సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకన్). నిండు చంద్రుడి అడ్డం కొలత మొత్తం దాదాపు 90 పిక్సెళ్లలో అయిపోతుంది. టెస్‌కి ముందు గ్రహాలు వెతికిన నాసా టెలిస్కోప్ కెప్లర్ పిక్సెల్ 4 ఆర్క్‌సెకన్లే, కాబట్టి ఒక్క టెస్ పిక్సెల్‌లో కెప్లర్ పిక్సెళ్లు 27, 28 పడతాయి. దానికి కారణం ఉంది, కెప్లర్ 95 సెంటీమీటర్ల టెలిస్కోప్‌తో సిగ్నస్, లైరాల మధ్య ఒకే ఒక్క ముక్కని నాలుగేళ్లు కన్నార్పకుండా చూసింది, టెస్ ఆకాశమంతా చూడాలి. ఆకాశమంతా కావాలంటే పిక్సెల్ లావు కాక తప్పదు, పిక్సెల్ లావైతే ఒకే గడిలోకి ఇద్దరు ముగ్గురు పక్కింటివాళ్లు వచ్చి చేరతారు. టెస్ డేటాలో వచ్చే తలనొప్పుల్లో సగం ఈ ఒక్క దగ్గరే పుడతాయి.

పై మెన్సే టీపీఎఫ్ తెరిచి చూస్తే ఇంకో వింత కనిపిస్తుంది. నక్షత్రం వెలుగు మరీ ఎక్కువ కాబట్టి మధ్య పిక్సెల్ నిండిపోయి, బకెట్ నిండాక నీళ్లు పక్కకి పొర్లినట్టు, ఎలక్ట్రాన్లు అదే నిలువు వరసలో పైకీ కిందికీ పొర్లుతాయి. అందుకే ఇలాంటి నక్షత్రాలకి బొమ్మ నిలువుగా పొడుగ్గా కత్తిరిస్తారు. చూడ్డానికి పాడైపోయిన డేటాలా ఉంటుంది, కానీ పొర్లిన ఎలక్ట్రాన్ ఎక్కడికీ పోలేదు, పక్క గడిలోనే ఉంది, ఆ వరసంతా కలిపి కూడితే లెక్క సరిపోతుంది. లక్షలో 30 రూపాయల తేడా పట్టుకున్నది ఇలా పొర్లిపోయిన బొమ్మలోనే అని తెలిసినప్పుడు నాకు నిజంగా ఒళ్లు పులకరించింది.

ఇప్పుడు ఆ గళ్లలో ఏ గళ్లు కూడాలి? దాన్ని అపర్చర్ అంటారు, పైప్‌లైన్ ఒక్కో నక్షత్రానికి తనే లెక్కేసి ఎంచుకుంటుంది, ఆ ఎంపిక కూడా ఫైల్లో ఒక పొరగా ఉంటుంది. ఆ గళ్లన్నీ కూడి, ఆకాశం నుంచి వచ్చే బ్యాక్‌గ్రౌండ్ వెలుగు తీసేస్తే వచ్చేది సాప్ ఫ్లక్స్. ఇది లైట్ కర్వ్ ఫైల్లో మొదటి ముఖ్యమైన కాలమ్. దీన్ని గీస్తే గ్రాఫ్ అసహ్యంగా ఉంటుంది, నేను దాచిపెట్టను: మెల్లగా పైకి పోతుంది, హఠాత్తుగా ఒక మెట్టు పడుతుంది, చుట్టు చివర్లో భూమి వెలుగో చంద్రుడి వెలుగో కెమెరాలోకి చెదిరి వచ్చి తోకలా లేస్తుంది. నౌక లోపల తిరిగే రియాక్షన్ వీల్స్ వేగం ఎక్కువైనప్పుడు థ్రస్టర్లు వాడి వాటిని తగ్గిస్తారు, మొమెంటమ్ డంప్ అంటారు, మొదటి సెక్టార్లలో ఇది రెండున్నర రోజులకోసారి జరిగేది, జరిగిన ప్రతిసారీ నక్షత్రం పిక్సెల్ మీద కాస్త జరిగి గ్రాఫ్‌లో చిన్న కుదుపు కనిపిస్తుంది. కొత్తగా చూసేవాళ్లు చాలామంది ఇక్కడే మోసపోతారు, రెండున్నర రోజుల పీరియడ్‌తో ఠంచనుగా వచ్చే డిప్ (వెలుగు తగ్గిన గుంత) దొరికిందని సంబరపడతారు. పీరియడ్ 2.5 దగ్గరో 13.7 దగ్గరో వస్తే ముందు నౌకని అనుమానించాలి, గ్రహం సంగతి తర్వాత.

ఈ గొడవంతా సర్దడానికి రెండో కాలమ్ ఉంది, పీడీసీసాప్. అందరూ గీసేది ఇదే, ఇది ఎలా తయారవుతుందో కాస్త నిదానంగా చెప్తాను.

మన ఇంట్లో ట్యూబ్‌లైట్ డల్ అయిందనుకోండి, మనం ఏం చేస్తాం? బయటికొచ్చి వీధి చూస్తాం. వీధంతా డల్‌గా ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ గొడవ, మనింట్లో ఒక్కటే డల్ అయితే మన లైట్ గొడవ. పైప్‌లైన్ చేసేది సరిగ్గా ఇదే. ఒకే సీసీడీ (కెమెరాలో వెలుగు పట్టే చిప్) మీద పడిన వందల నిలకడ నక్షత్రాల గ్రాఫులు తీసుకుని, అన్నిట్లో ఒకేలా వచ్చిన ఊపుల్ని ఏరి కొన్ని మూల ఆకారాలుగా చేస్తుంది, వాటిని కోట్రెండింగ్ బేసిస్ వెక్టర్లు అంటారు, సీబీవీలు. వాటిని కూడా విడిగా ఫైళ్లుగా మాస్ట్‌లో పెడతారు, కావాలంటే మనమే తీసుకుని వాడుకోవచ్చు. తర్వాత ఒక్కో నక్షత్రం గ్రాఫ్‌లో ఈ ఆకారాలు ఎంత పాలు కలిశాయో లెక్కేసి అంత తీసేస్తుంది. మిగిలింది ఆ నక్షత్రం సొంతం అని అనుకుంటాం.

అనుకుంటాం అన్నది ఎందుకంటే, నక్షత్రం కూడా తన పద్ధతిలో మెల్లగా మారుతూ ఉండొచ్చు, దాని మీద మచ్చలుండి 20 రోజులకోసారి తిరుగుతుంటే వెలుగు మెల్లగా లేచి పడుతుంది, ఆ లేవడం పడడం నౌక వేడెక్కి చల్లారడంతో కాస్త పోలి ఉంటే పైప్‌లైన్ దాన్ని కూడా వీధి గొడవ అనుకుని తుడిచేస్తుంది. కొన్ని గంటల పాటు ఉండే ట్రాన్సిట్‌ని ఇది బాగానే కాపాడుతుంది, అందుకోసమే కట్టింది కాబట్టి. కానీ నెమ్మదిగా తిరిగే నక్షత్రం రొటేషన్ తేల్చాలనుకునేవాళ్లు పీడీసీసాప్ తీసుకుని గీస్తే చదునైన గీత వస్తుంది, "ఈ నక్షత్రం నిలకడగా ఉంది" అని రాసేస్తారు. నిలకడగా లేదు, మనం ఇస్త్రీ చేశాం. ఏ పని కోసం వండిన వంటో తెలుసుకుని తినాలి, గ్రహాలు వెతకడానికి చేసిన కాలమ్‌ని ఇంకో పనికి వాడితే తప్పు కాలమ్‌ది కాదు.

ఇంకో పని కూడా చేస్తుంది ఇది, చాలామందికి తెలియదు. అపర్చర్‌లోకి పక్క నక్షత్రాల వెలుగు వచ్చి పడుతుంది కదా, కేటలాగ్‌లో ఉన్న పక్కింటివాళ్ల వెలుగు ఎంత పడుతుందో లెక్కేసి తీసేస్తుంది. హెడర్‌లో క్రౌడ్‌సాప్ అని ఒక నంబర్ ఉంటుంది, 0.95 అంటే ఆ గళ్లలోని వెలుగులో 95 శాతం మన నక్షత్రానిదే, 0.62 అంటే 38 శాతం పరాయి సొమ్ము. ఇదెందుకు ముఖ్యమంటే, పరాయి వెలుగు కలిస్తే డిప్ లోతు తక్కువగా కనిపిస్తుంది, గ్రహం ఉన్నదానికంటే చిన్నదిగా తేలుతుంది. సాప్‌లో ఈ దిద్దుబాటు ఉండదు, పీడీసీసాప్‌లో ఉంటుంది, కాబట్టి రెండిట్లో డిప్ లోతు వేరుగా వస్తే కంగారు పడక్కర్లేదు. ఎఫ్‌ఎఫ్‌ఐల నుంచి వేరే టీములు తయారుచేసే లైట్ కర్వులు కూడా ఉన్నాయి, ఎమ్‌ఐటీ వాళ్ల క్విక్ లుక్ పైప్‌లైన్ లాంటివి, వాటిలో ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి, వాడేముందు ఈ పరాయి వెలుగు కలవడాన్ని (డైల్యూషన్) దిద్దారా లేదా అని చూసుకోవాలి.

దిద్దడం కూడా ఎప్పుడూ సరిగ్గా జరగదు. మొదటి 26 సెక్టార్ల స్పాక్ డేటాలో బ్యాక్‌గ్రౌండ్‌ని కొన్ని నక్షత్రాలకి ఉండాల్సిన దానికంటే ఎక్కువ తీసేశారు, ముఖ్యంగా మసక నక్షత్రాలకి, కిక్కిరిసిన చోట ఉన్నవాటికి. నక్షత్రం వెలుగు ఉన్నదానికంటే తక్కువని తేలితే అదే డిప్ ఇంకా లోతుగా కనిపిస్తుంది, గ్రహం కాస్త ఉబ్బుతుంది. సెక్టార్ 27 నుంచి పద్ధతి మార్చారు, ఆ సంగతి డేటా రిలీజ్ నోట్స్‌లో వాళ్లే రాసి పెట్టారు. ప్రతి సెక్టార్‌కీ ఈ నోట్స్ వస్తాయి, పదో ఇరవయ్యో పేజీలు, బోర్ కొడతాయి, కానీ నన్నడిగితే మొత్తం డేటాలో అన్నిటికంటే విలువైన ప్రోడక్ట్ అదే. సెక్టార్ 1 నోట్స్ చూస్తే టైమ్ 1347 నుంచి 1349 దాకా నౌక గురి సరిగ్గా కుదరక వణికిందని ఉంటుంది. అది చదవకుండా ఆ రెండు రోజుల్లో డిప్పులు వెతికితే ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి.

టైమ్ 1347 ఏంటి అంటారా, ఖగోళంలో వాడే జూలియన్ డే నంబర్ నుంచి 24,57,000 తీసేయగా మిగిలింది, అంటే 2014 డిసెంబర్ 8 మధ్యాహ్నం నుంచి లెక్కపెట్టిన రోజులు. కెప్లర్‌కి 2009 జనవరి 1 నుంచి లెక్క, రెండూ కలిపి గీసేటప్పుడు జాగ్రత్త. ఈ టైమ్ నౌక దగ్గర వెలుగు చేరిన టైమ్ కాదు, సౌరమండలం బరువు కేంద్రానికి మార్చిన టైమ్, ఎందుకంటే భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతూ నక్షత్రానికి ఒకసారి దగ్గరగా ఒకసారి దూరంగా ఉంటుంది, ఆ తేడా వల్ల వెలుగు ఎనిమిది నిమిషాలకి పైగా ముందూ వెనకా అవ్వొచ్చు.

క్వాలిటీ అనే కాలమ్ ఒకటుంది, ప్రతి పాయింట్‌కీ ఒక నంబర్. సున్నా అయితే బాగున్నట్టు. 32 ఉంటే మొమెంటమ్ డంప్, 128 ఉంటే మనుషులు చూసి పక్కన పెట్టింది, 160 ఉంటే రెండూ, అలా కూడిక. సున్నా కానివన్నీ తీసేస్తే సరిపోతుందని మొదట్లో నేనూ అలాగే చేసేవాణ్ణి, కానీ చెదిరిన వెలుగు ఉందని చెప్పే గుర్తు కొన్నిసార్లు కెమెరా మొత్తానికి వేస్తారు, మన నక్షత్రం దగ్గర అసలు ఇబ్బందే లేకపోయినా మంచి పాయింట్లు పోతాయి. అడ్డంగా కొట్టేయకుండా ఒకసారి చూసి తీయడం మంచిది.

ఇంతా అయ్యాక అసలు వెతుకులాట. పైప్‌లైన్ అన్ని పీరియడ్‌లూ ప్రయత్నించి, గ్రాఫ్‌ని ఒక్కో పీరియడ్ చొప్పున ముక్కలు చేసి ఒకదాని మీద ఒకటి మడతపెట్టి, డిప్ బలం నాయిస్ కంటే 7.1 రెట్లు దాటితే దాన్ని టీసీఈ అంటుంది, అంటే గీత దాటిన సంఘటన అని మాత్రమే. 7.1 అనే గీత కెప్లర్ రోజుల నుంచి వస్తున్నదే, లక్షకి పైగా నక్షత్రాల మీద నాలుగేళ్ల వెతుకులాటలో ఉత్త నాయిస్ వల్ల వచ్చే దొంగ డిప్ ఒకటికి మించకూడదని పెట్టింది. టీసీఈ గ్రహం కాదు, క్యాండిడేట్ కూడా కాదు. దానికి డేటా వాలిడేషన్ రిపోర్ట్ అని పీడీఎఫ్ తయారవుతుంది, ఎన్నో పేజీలు, మొదట ఒక పేజీ సమ్మరీ. మనుషులు కూర్చుని అవి చూసి బాగున్నవాటికి టీఓఐ నంబర్ ఇస్తారు, అంటే గ్రహం ఉండొచ్చని టెస్ జాబితాలో చేర్చిన నక్షత్రమని. అలా ఇచ్చినవి 7 వేలు దాటాయి, వాటిలో గ్రహాలుగా కన్‌ఫర్మ్ అయినవి సుమారు పదో వంతు.

ఆ రిపోర్ట్‌లో నేను మొదట చూసేది రెండు. ఒకటి, సరి డిప్పులూ బేసి డిప్పులూ ఒకే లోతు ఉన్నాయా అని. వేరుగా ఉంటే అది రెండు నక్షత్రాలు ఒకదాన్నొకటి కప్పుకుంటున్న జంట, పీరియడ్ మనం అనుకున్నదానికి రెట్టింపు. రెండోది డిఫరెన్స్ ఇమేజ్. డిప్ లేనప్పటి పిక్సెల్ బొమ్మలోంచి డిప్ ఉన్నప్పటి బొమ్మ తీసేస్తే ఏ గడిలో వెలుగు తగ్గిందో ఆ గడి ఒక్కటే మెరుస్తుంది. మెరిసేది మన నక్షత్రం ఉన్న గడేనా కాదా, అంతే ప్రశ్న.

దీని విలువ నాకు ఒక రాత్రి తెలిసింది. ఎఫ్‌ఎఫ్‌ఐల నుంచి మాస్ట్ వాళ్ల టెస్‌కట్ అనే టూల్‌తో 11 కి 11 ముక్క కత్తిరించి, టీఓఐ లిస్టులో లేని ఒక నక్షత్రానికి నేనే లైట్ కర్వ్ గీశా. నాలుగు రోజులకి కాస్త అటూ ఇటూగా లక్షకి 500 రూపాయల డిప్పు, ఒక సెక్టార్‌లో ఆరు సార్లు, అడుగు గుండ్రంగా, చక్కగా. నక్షత్రం సూర్యుడంత అనుకుంటే గ్రహం భూమికి ఏడెనిమిది రెట్లు వస్తుంది, నెప్ట్యూన్ కంటే పెద్దది శని కంటే చిన్నది. ఆ రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టలేదు, మా తమ్ముడికి ఫోన్ చేసి లేపి మరీ చెప్పా. పొద్దున లేచి డిఫరెన్స్ ఇమేజ్ చేస్తే మెరిసిన గడి మధ్యలో లేదు, రెండు గళ్లు కిందికి, ఒక గడి ఎడమకి ఉంది. అక్కడ మసకగా ఇంకో నక్షత్రం, మనదానికంటే 5 మ్యాగ్నిట్యూడ్‌లు తక్కువ, అంటే వంద రెట్లు మసక. లెక్క అప్పుడు అర్థమైంది: లక్ష రూపాయల పక్కన వెయ్యి రూపాయల వాడున్నాడు, వాడు తన జంట వెనక్కి వెళ్లి సగం దాక్కుంటే 500 తగ్గుతాయి, మొత్తం గల్లాలో చూస్తే లక్షకి 500. నాకు కనిపించిన ట్రాన్సిట్ ఆ దూరపు జంట గ్రహణం. లైట్ కర్వ్ ఎంతసేపు చూసినా ఈ సంగతి తెలిసే దారే లేదు, ఎందుకంటే గళ్లు కూడేసిన క్షణమే ఆ సమాచారం పోయింది. పిక్సెల్‌లో మాత్రం మొదట్నుంచీ ఉంది.

కెప్లర్‌లో ఇలాంటి పాఠం ఇంకా ఖరీదైనది. అది మూడు నెలలకోసారి 90 డిగ్రీలు తిరిగేది, కాబట్టి ఏడాదికి ఒకసారి ప్రతి నక్షత్రం మళ్లీ అదే సీసీడీ మీదికి వచ్చేది. కొన్ని సీసీడీల ఎలక్ట్రానిక్స్‌లో లోపం ఉండేది, దాని మీదికి వచ్చిన ప్రతిసారీ గ్రాఫ్ కదిలేది. ఫలితం, దొంగ టీసీఈలు 372 రోజుల పీరియడ్ దగ్గర కుప్పపడ్డాయి, కెప్లర్ సూర్యుడి చుట్టూ తిరిగే కాలం అదే. సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ భూమి లాంటి గ్రహం కోసం వెతకాల్సిన చోటు కూడా సరిగ్గా అదే.

పైప్‌లైన్ లేనివి చూపించడమే కాదు, ఉన్నవి వదిలేస్తుంది కూడా. కెప్లర్ డేటాలో కేఐసీ 8462852 అనే నక్షత్రం ఒకసారి 22 శాతం దాకా మసకబారింది, పీరియడ్ లేదు, ఆకారం ఒక్కో డిప్‌కీ ఒక్కోలా. క్రమం తప్పకుండా వచ్చే డిప్పుల కోసం కట్టిన ప్రోగ్రామ్‌కి అది ఆనలేదు, ప్లానెట్ హంటర్స్ అనే వెబ్‌సైట్‌లో గ్రాఫులు కంటితో చూసే మామూలు మనుషులు పట్టుకున్నారు, 2015లో బయటికొచ్చింది. అలాగే టీఓఐ 1338 అనే నక్షత్రం అసలు రెండు నక్షత్రాల జంట, వాటి గ్రహణాల మధ్యలో ఇంకో చిన్న డిప్ ఉందని గమనించింది 2019 వేసవిలో నాసా గొడార్డ్‌లో ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన ఒక హైస్కూల్ కుర్రాడు. తీరా చూస్తే రెండు సూర్యుళ్ల చుట్టూ తిరిగే గ్రహం.

కేటలాగ్ గురించి ఒక మాట. ఫైల్ హెడర్‌లో నక్షత్రం సైజు ఉంటుంది, అది టెస్ కొలిచింది కాదు, ముందే ఉన్న కేటలాగ్ నుంచి తెచ్చి పెట్టింది. గ్రహం సైజు దాని మీదే ఆధారపడి ఉంటుంది. టీఓఐ 700 విషయంలో కేటలాగ్ నక్షత్రాన్ని ఉన్నదానికంటే పెద్దగా, వేడిగా చూపించింది, దాంతో గ్రహాలు కూడా పెద్దవిగా, మరీ వేడిగా తేలాయి. ఆ పొరపాటు సరిదిద్దాక, 37 రోజులకోసారి తిరిగే టీఓఐ 700 డి భూమి అంత సైజులో, నీళ్లు ద్రవంగా ఉండే అవకాశం ఉన్న దూరంలో ఉందని తెలిసింది, 2020 జనవరిలో ప్రకటించారు. డిప్ మారలేదు, హెడర్‌లో ఒక నంబర్ మారింది.

ఇక ట్రాన్సిట్ ఎంత చక్కగా ఉన్నా గ్రహం బరువు చెప్పలేదు, దానికి నేల మీది స్పెక్ట్రోగ్రాఫ్ (వెలుగుని రంగులుగా విడదీసి చూసే పరికరం) కావాలి. ఇక్కడ మన దేశం చేసిన పని నాకు చాలా గర్వంగా ఉంటుంది. కెప్లర్ రెండు వీల్స్ పోయాక కే2 పేరుతో కొనసాగింది కదా, ఆ డేటాలో కర్కాటక రాశిలో 600 లైట్ ఇయర్ల దూరంలోని ఒక నక్షత్రం దగ్గర డిప్ కనిపించింది. అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ ల్యాబొరేటరీ వాళ్లు మౌంట్ ఆబూలో గురుశిఖర్ మీద 1.2 మీటర్ల టెలిస్కోప్‌కి బిగించిన పరాస్ అనే స్పెక్ట్రోగ్రాఫ్‌తో ఆ నక్షత్రం ఊగిసలాట కొలిచి, అక్కడున్నది భూమికి 27 రెట్లు బరువు, 6 రెట్లు సైజు ఉన్న గ్రహమని 2018లో తేల్చారు. దాన్ని ఇప్పుడు కే2-236 బి అంటారు. ఆ తర్వాత టెస్ క్యాండిడేట్ల మీద కూడా వాళ్లు పని చేసి టీఓఐ 1789 బి, టీఓఐ 4603 బి లాంటివి కన్‌ఫర్మ్ చేశారు.

ఈ పొరలన్నీ సొంతంగా చూడాలనుకుంటే పై మెన్సేతోనే మొదలెట్టమంటాను, 261136679, సెక్టార్ 1. ముందు సాప్ గీయండి, దాని గుంతలూ మెట్లూ కాసేపు చూడండి. అదే గ్రాఫ్ మీద పీడీసీసాప్ వేయండి. డిప్ ఎక్కడుందో కంటికి సరిగ్గా ఆనదు, 30 పాయింట్లకొకటి చొప్పున సగటు తీయండి, గంటకి ఒక చుక్క వస్తుంది. గ్రహం 6.27 రోజులకోసారి వస్తుంది, ఒక్కోసారి సుమారు 3 గంటలు ఉంటుంది. మొదటి ట్రాన్సిట్ 1325.50 దగ్గర, అంటే డేటా మొదలైన ఐదు గంటలకే, తర్వాత 1331.77, 1338.04, దాని వెనకే డేటా పంపే ఖాళీ, మళ్లీ 1344.31, ఆ వణుకు రెండు రోజులు దాటాక 1350.58. ఐదు సార్లు. ఆ ఐదింటినీ ఒకదాని మీద ఒకటి మడతపెట్టి, చుక్కలు ఒక్క చోట కిందికి దిగడం చూశాక, టీపీఎఫ్ తెరిచి పిక్సెళ్లలో ఆ వెలుగు ఎక్కడ తగ్గిందో వెతకండి.